విషయం నుంచి సంశయానికి

 మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల బడుల నుంచి వచ్చిన మీరంతా సైన్సు సారు అని పిలుచుకున్న ఉపాధ్యాయుని స్మృతిలో మాట్లాడే బాధ్యతను నిర్వాహకులు నాకు అప్పగించారు. ఆయన వ్యక్తిత్వాన్ని గురించి ఆయన శిష్యులు నాకంటే బాగా చెప్పారు. ఆయన వదలకుండా పట్టుకున్న ఒక్క సమస్యను నేను తీసుకుంటాను. విద్యార్థి చేసే ప్రాజెక్టుకు ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది? దేన్ని చూసి అది గట్టి ప్రశ్న అని గుర్తుపట్టాలి?

పూర్వమీమాంసకులు ఏ చర్చనైనా అంగాలుగా విడదీసి నడిపారు. గ్రంథాన్ని బట్టి పేర్లు కొంత మారినా మొదటి రెండు అంగాలు మారవు: ముందు విషయం, తరవాత సంశయం. ఆ పైన పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. అన్నీ కలిస్తే ఒక అధికరణం. గౌతముని న్యాయసూత్రాలు లెక్కపెట్టిన 16 పదార్థాల్లో ప్రమాణ ప్రమేయాల తరవాత మూడోది సంశయమే, నాలుగోది ప్రయోజనం. సంశయం పుట్టనిచోట విచారణకు పని లేదన్నది వారి ఏర్పాటు. మన విద్యార్థుల ప్రాజెక్టులు మొదటి అంగం దగ్గరే ఆగిపోతున్నాయని నా అభిప్రాయం. నీటి కాలుష్యం, ప్లాస్టిక్ వాడకం, సెల్‌ఫోన్ ప్రభావం, వాన నీటి సంరక్షణ: ఇవన్నీ విషయాలు. వీటి మీద చార్టు గీయవచ్చు, థర్మాకోల్ నమూనా కట్టవచ్చు, ఇంటర్నెట్ నుంచి పది పేజీలు దించుకుని స్పైరల్ బైండింగు చేయించవచ్చు. ఆ పది పేజీల్లో ఎక్కడా పిల్లవాడికి తెలియనిది, తెలుసుకోవాలనిపించినది, తన కళ్ళతో చూసి తేల్చుకోవలసినది ఉండదు.

దీనికి పిల్లలను తప్పు పట్టలేం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలో పరీక్షలు పెట్టే సంస్థలుగా పుట్టాయి. బోధన కళాశాలల పని, ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయం పని. చదువు చెప్పేవారికీ ప్రశ్న వేసేవారికీ మధ్య అప్పుడు పడిన గోడ పాఠశాల దాకా దిగింది. ప్రశ్న పరీక్షాధికారి సొత్తయింది, జవాబు విద్యార్థి బాధ్యత అయింది. అంతకుముందు అంతా బాగుండేదని నేను అనను. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని దగ్గరికి వెళితే, ఒక సంవత్సరం ఇక్కడ నియమంగా ఉండి ఆ తరవాత అడగండి, మాకు తెలిస్తే చెబుతాం అన్నాడాయన. ప్రశ్న పండడానికి ఏడాది పడుతుందని ఒప్పుకున్న గురువు, తనకు తెలియకపోవచ్చునని కూడా ఒప్పుకున్న గురువు! కాని ఆ ఆశ్రమాల తలుపులు ఎందరికి తెరిచి ఉన్నాయో మనకు తెలుసు. ఇవాళ ప్రభుత్వ బడిలో ఫార్మేటివ్ పరీక్షకు ప్రాజెక్టు రాస్తున్న అమ్మాయికి ఆ ఏడాది గడువు లేదు, ఆ ఆశ్రమంలో అప్పట్లో చోటూ ఉండేది కాదు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలను తమ ఊరి సమస్య మీద పని చేయమని అడిగింది. ఆ ఆలోచన మంచిది. దాన్ని నిలబెట్టేది సంశయం, అది ఎలా పుడుతుందో చెప్పడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

సంశయం తేడాను గమనించడంలో పుడుతుందన్నది నా ప్రతిపాదన. ఒకేలా ఉండవలసిన రెండు చోట్ల, ఇద్దరు మనుషుల్లో, రెండు కాలాల్లో ఒకటి మరొకలా ఉంటే అక్కడ ప్రశ్న ఉంది. ఆ తేడాకు ఫలానాది కారణమైతే మరెక్కడ ఏమి కనబడాలో చెప్పగలిగితే అది పరిశోధన ప్రశ్న అవుతుంది. దీన్ని సూత్రంగా కాక మన చుట్టుపక్కల జరిగిన చరిత్రగా చూపుతాను.

ఇక్కడి నుంచి దక్షిణంగా వెళితే బేగంపేటలో రొనాల్డ్ రాస్ పని చేసిన పాత భవనం ఉంది. దోమకూ మలేరియాకూ సంబంధం ఉందన్న ఊహ ఆయనది కాదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆయనకు చెప్పాడు. అయితే మాన్సన్ ఊహలో దోమ నీళ్ళలో చచ్చి, ఆ నీళ్ళు తాగినవారికి జబ్బు వస్తుంది. రాస్ దోమలు చచ్చిన నీళ్ళు మనుషులకు తాగించి చూశాడు కూడా. రెండేళ్ళకు పైగా దొరికిన దోమనల్లా కోసినా ఏమీ కనబడలేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించారు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న అలాంటి దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. ఆ నల్లని రేణువులను మనిషి నెత్తుటిలో అంతకుముందే చూసి ఉన్నాడు గనుక పోల్చుకున్నాడు. దోమ మలేరియాను మోస్తుందా అన్న పెద్ద ప్రశ్న రెండేళ్ళు ఆయన్ని తిప్పింది. ఏ రకం దోమలో, కుట్టిన ఎన్నో రోజున, శరీరంలో ఏ భాగంలో అన్న చిన్న ప్రశ్నకు ఆ వారంలోనే జవాబు దొరికింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక అణా తీసుకుని చేయి చాపిన మనిషి సమ్మతిని ఇవాళ్టి పరిశోధన నైతికతా సంఘం ఏ కంటితో చూస్తుందన్నది వేరే ప్రశ్న. విద్యార్థులు అదీ అడగాలి.

నాకు ఇంతకంటే దగ్గరగా తోచే కథ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. దానికి ముందుమాట అమెరికాలో ఉంది. పెల్లాగ్రా అనే జబ్బులో ఎండ తగిలిన చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరకు మతి చలిస్తుంది. 1914లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రుల్లో ఒక తేడా పట్టుకున్నాడు. రోగులకు పెల్లాగ్రా వస్తోంది, వాళ్ళను రాత్రింబవళ్ళు చూసుకునే సిబ్బందికి రావడం లేదు. అంటుజబ్బయితే ఇద్దరికీ రావాలి. ఇద్దరికీ మధ్య తేడా తిండిలో ఉంది. అక్కడి నుంచి దారి మొక్కజొన్నకు, నియాసిన్ విటమిన్‌కు వెళ్ళింది. పెల్లాగ్రా మొక్కజొన్న తినే పేదల జబ్బు అని పాఠ్యపుస్తకాలు రాశాయి.

కూనూరు నుంచి 1950ల చివర్లో హైదరాబాదుకు తరలివచ్చి, తరవాత ఈ సంస్థగా మారిన పోషకాహార ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియాల ముందుకు వచ్చిన రోగులు మొక్కజొన్న తినేవారు కారు. జొన్నరొట్టె, జొన్నగటక మీద బతికే పేదలు. పుస్తకం చెప్పినట్టు రోగం ఉంది, పుస్తకం చెప్పిన కారణం లేదు. నియాసిన్ గాని, దాన్ని శరీరం తయారు చేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ గాని జొన్నలో పెల్లాగ్రా తెచ్చేటంత తక్కువగా లేవు. అయితే ఏమి ఎక్కువగా ఉంది? లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది మిగతావాటి పనికి అడ్డుపడుతోంది అన్నారు. 1960లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఈ జవాబు మీద తరవాత చాలా వాదం నడిచింది, అందరూ ఒప్పుకోలేదు. ప్రశ్న మాత్రం నిలబడింది. విద్యార్థులకు నేను ప్రత్యేకంగా చూపదలచిన సంగతి ఇదే. జవాబు వీగిపోయినా మిగిలే ప్రశ్న ఉంటుంది, దాని మీద ఇతరులు పని చేయగలరు.

అదే సంస్థలో పదేళ్ళు దాటాక ఇంకో సంశయం. నల్లగొండ జిల్లా నీళ్ళలో ఫ్లోరైడు ఉందని, అది నడుము, మెడ బిగిసిపోయేలా చేస్తుందని అప్పటికే తెలుసు. అది పెద్దవయసువారి జబ్బు. 1970ల మొదట్లో అదే ప్రాంతంలో కుర్రవాళ్ళకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్న రోగం కనబడింది. ఫ్లోరైడు వల్లనే అని చెప్పి ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఊరుకోలేదు. ఫ్లోరైడు తరతరాలుగా ఉంటే మోకాళ్ళు ఇప్పుడే ఎందుకు వంగాయి? పిల్లలకే ఎందుకు? జొన్న తినే ఇళ్ళలోనే ఎందుకు ఎక్కువ? 1973లో వారి పరిశీలన వెలువడింది. తరవాతి పరిశోధనలో వారి బృందం చూపిన కారణాల వరస ఊహించనిది. నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చింది, నేల క్షారగుణం పెరిగింది, అలాంటి నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగింది, అది శరీరంలోని రాగిని బయటికి పంపేసింది, రాగి తగ్గిన ఎముకను ఫ్లోరైడు ఇంకా దెబ్బ తీసింది. వ్యవసాయానికి వరమని కట్టిన ఆనకట్టకూ ఒక పిల్లవాడి మోకాలికీ మధ్య ఇంత దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించింది ఇప్పుడే, వీళ్ళకే, ఇక్కడే అన్న మూడు మాటలు.

శామీర్‌పేట దాటి తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారయ్యే రోటావాక్ చుక్కల మందు కూడా ఇలాంటి గమనింపు నుంచే వచ్చింది. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మహారాజ్ కిషన్ భాన్ బృందం అప్పుడే పుట్టిన శిశువుల్లో రోటావైరస్ కనిపెట్టింది. వైరస్ ఉంది, విరేచనాలు లేవు. పైగా ఆ పిల్లలు పెరుగుతున్నకొద్దీ తీవ్రమైన రోటావైరస్ జబ్బు నుంచి చాలావరకు తప్పించుకున్నారు. ఆ శిశువుల నుంచి తీసిన 116ఇ రకం భారత్ బయోటెక్ చేతిలో టీకా అయి, సుమారు 6,800 మంది పసిపిల్లలతో పరీక్ష పూర్తి చేసుకుని 2015 మార్చిలో విడుదలైంది. మరుసటి ఏడాది సార్వత్రిక టీకా కార్యక్రమంలో దాన్ని మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జబ్బు పడినవారిని లెక్కపెట్టడం ఆసుపత్రి పద్ధతి. జబ్బు పడని శిశువును చూసి ఆగడం వల్ల ముప్ఫై ఏళ్ళ తరవాత మన ఊరి ఫ్యాక్టరీలో ఒక టీకా తయారైంది.

ఇది విజ్ఞానశాస్త్రానికే పరిమితం అనుకునే తెలుగు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఇక్కడ ఉన్నారు గనుక సురవరం ప్రతాపరెడ్డి గారిని తలుచుకోవాలి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్నట్టు ఒకరు రాసినప్పుడు ఆయన ఆవేశపడి వ్యాసం రాసి సరిపెట్టుకోవచ్చు. చాలామంది చేసేది అదే. ఆయన ఆ మాటను పరీక్షకు నిలబడవలసిన ప్రతిజ్ఞగా తీసుకున్నారు. లేరు అన్నది నిజమైతే వెతికినా దొరకకూడదు. గోలకొండ పత్రిక ద్వారా జిల్లాలన్నీ గాలించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. ఒక ప్రతికూల ప్రతిజ్ఞను కూల్చడానికి ఒక్క ఉదాహరణ చాలు, ఆయన 354 చూపారు. ఆ తరవాతి పని నా దృష్టిలో ఇంకా గొప్పది. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, శాసనాలు అనుకునే కాలంలో, తెలుగువాళ్ళు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగారు. ప్రశ్న మారగానే ఆధారాలు మారాయి. క్రీడాభిరామం, హంసవింశతి, శుకసప్తతి, పాల్కురికి సోమన కృతులు చరిత్రకారుడి బల్ల మీదికి వచ్చాయి. ఆ కావ్యాలు అంతకుముందూ ఉన్నవే, చదివినవారూ వేలమంది. 1949లో అచ్చయిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో, రచయిత పోయిన రెండేళ్ళకు, తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇక మన ఊళ్ళకు వస్తాను. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలకు ద్రాక్షతోటల పేరుండేది. రాతి కడీల మీద పందిళ్ళు, పందిళ్ళ కింద అనాబ్-ఎ-షాహీ గుత్తులు. ఇవాళ పదో తరగతి పిల్లవాడు ఆ పందిళ్ళున్న చోట వెంచరు బోర్డులు చూస్తాడు. ‘మేడ్చల్ ద్రాక్షతోటలు’ అన్నది విషయం. మేడ్చల్ ద్రాక్షతోటలు ఎందుకు పోయాయి అన్నది ప్రశ్నలా కనబడుతుంది గాని ఇంకా ప్రశ్న కాలేదు. ఎవరినడిగినా సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: రియల్ ఎస్టేటు. మరొకరు బోర్లు ఎండిపోయాయంటారు. ఇంకొకరు బూజు తెగులు, అకాలవర్షాలు అంటారు. కూలీలు దొరకలేదని, అన్నదమ్ముల పంపకాల్లో తోట ముక్కలైందని అనేవారూ ఉంటారు. అన్నీ నిజం కావచ్చు. అన్నీ నిజం కావచ్చు అన్నచోట విద్యార్థి సాధారణంగా కారణాలు ఒకటి, రెండు, మూడు అని వేసి కలం మూసేస్తాడు.

అసలు పని అక్కడ మొదలవ్వాలి. ఈ కారణాల్లో ఒక్కోదానికి ఒక్కో పటం ఉంటుంది. భూమి ధర కారణమైతే పెద్ద రోడ్డుకు, తరవాత ఔటర్ రింగురోడ్డుకు దగ్గరగా ఉన్న తోటలు ముందు పోవాలి, లోపలి ఊళ్ళవి ఆలస్యంగా పోవాలి. నీళ్ళు కారణమైతే రోడ్డుతో నిమిత్తం లేకుండా, బోరు లోతు పెరిగిపోయిన చోట ముందు పోవాలి, చెరువు ఆయకట్టు కింద ఊట ఉన్న బావుల దగ్గర ఎక్కువ కాలం నిలవాలి. తెగులు, వాన కారణమైతే అన్ని ఊళ్ళలోనూ అవే ఒకటి రెండు సంవత్సరాల్లో దెబ్బ కనబడాలి. ఈ మూడూ ఒకే రకంగా కనబడవు. కనుక ప్రశ్న ఇలా తయారవుతుంది: రోడ్డుకు కిలోమీటరు లోపలి ద్రాక్షతోటలు, అదే నీటి వసతి ఉండి రోడ్డుకు దూరంగా ఉన్న తోటల కంటే ముందు పోయాయా? రెండు ఊళ్ళు చాలు. ఇరవై తోటల సమాచారం దొరికితే బడి ప్రాజెక్టుకు ఎక్కువే.

ఆధారాలు కూడా మన దగ్గరే ఉన్నాయి. తహసీల్దారు కార్యాలయంలోని పాత పహాణీల్లో సర్వే నంబరు వారీగా పంట, నీటి వనరు రాసే గడులుంటాయి. అయితే పహాణీ మీద గుడ్డి నమ్మకం పనికిరాదు. చేను చూడకుండా నింపిన గడులూ ఉంటాయి, నిరుటి పంటనే మళ్ళీ ఎక్కించినవీ ఉంటాయి. అందుకని తోట వేసిన రైతును, పందిరి కట్టిన కూలీని అడగాలి, పెళ్ళిళ్ళు, ఎన్నికలు గుర్తు చేసి సంవత్సరాన్ని సరిపెట్టుకోవాలి. గూగుల్ ఎర్త్‌లో 2000 తరవాతి ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూడవచ్చు. మూడు ఆధారాలు ఒకే సంవత్సరం చెబితే రాయాలి, చెప్పకపోతే చెప్పలేదని రాయాలి. ఈ ప్రశ్న తీసుకున్న ఒక అమ్మాయి చివరకు రోడ్డుకు దగ్గర, దూరం అన్న తేడా లేదని కనిపెట్టిందనుకుందాం. ఊరంతా రియల్ ఎస్టేటే కారణమని నమ్ముతుండగా పద్నాలుగేళ్ళ పిల్ల కాదేమో అనడానికి ఆధారం చూపితే, పూర్తి మార్కులు అక్కడ పడాలి. నేను చూసిన ప్రదర్శనల్లో ఎక్కువగా పడేది వెలిగే బల్బుకు, తిరిగే మోటారుకు.

జవహర్‌నగర్ చెత్తకుప్ప సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. హైదరాబాదు నగరమంతా పారేసిన చెత్త మన పక్కన గుట్టలైంది, దాని ఊట దిగి మల్కారం చెరువు చెడింది. పిల్లలకు దీని మీద కోపం ఉంది, న్యాయమైన కోపం. కోపం విషయాన్ని ఎంచుకోవడానికి మంచిది, సంశయాన్ని తయారు చేయడానికి చాలదు. చెత్తకుప్ప వల్ల నీళ్ళు విషమయ్యాయా అని అడిగి, చేతిలో ఒక టీడీఎస్ మీటరు పట్టుకుని బయలుదేరితే ఆ పరికరం జవాబు చెప్పలేదు. అది నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపుతుంది, సీసాన్ని, క్రోమియాన్ని చూపదు. గుట్ట నుంచి దూరం పెరిగినకొద్దీ బోరు నీళ్ళలో లవణాలు తగ్గుతున్నాయా, వానాకాలానికి ముందూ తరవాతా ఆ తేడా ఒకేలా ఉందా అని అడిగితే చెప్పగలదు. అప్పుడు కూడా ప్రతి బోరు లోతూ రాసుకోవాలి, ఎందుకంటే మన నేల గ్రానైటు రాయి, లోతుకు పోయినకొద్దీ రాతి నుంచే లవణాలు, కొన్నిచోట్ల ఫ్లోరైడు నీళ్ళలోకి వస్తాయి. లోతు చూడకుండా దూరాన్ని మాత్రమే చూస్తే చెత్తకుప్ప మీద వేసిన నేరంలో కొంత రాయిది కావచ్చు. గుట్ట ఊటను పిల్లలు చేత్తో ముట్టుకోకూడదు, ఇళ్ళవారి అనుమతి లేకుండా బోరు నీళ్ళు పట్టకూడదు. ఇది పెద్దలు చూసుకోవలసిన పని.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ప్రాజెక్టు పనికి ఫార్మేటివ్ పరీక్షలో ఉన్నవి 5 మార్కులే. వాటిలో రెండైనా, పని మొదలుపెట్టక ముందే, విద్యార్థి రాసిన ఒక పేజీకి ఇచ్చి చూడండి. ఏ తేడా చూశావు, దానికి ఇతరులు చెప్పే జవాబులేమిటి, ఏమి కనబడితే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావు: ఆ పేజీలో ఈ మూడు ఉండాలి. మొదటిసారి రాసిన పేజీ ఎప్పుడూ వెడల్పుగానే ఉంటుంది. దాన్ని తిప్పి పంపి, ఏ ఊరు, ఏ నెల, ఎవరి బావి అని అడగాలి. మూడుసార్లు తిరిగి వచ్చేసరికి అది పిల్లవాడి సొంత ప్రశ్న అవుతుంది. ఎక్కడి నుంచీ దించుకోలేడు, ఎందుకంటే అలాంటి ప్రశ్న ఇంకెక్కడా లేదు. ఒక్కో తరగతిలో అరవై మంది ఉంటే ఇది ఎలా కుదురుతుందని మీరు అడుగుతారు. అరవై ప్రశ్నలు అక్కరలేదు. ఐదుగురికొక ప్రశ్న చొప్పున పన్నెండు చాలు.

సైన్సు సారు కుటుంబంవారు ఈ సభకు ముందు ఆయన పేరిట ఏమి చేస్తే బాగుంటుందని అడిగారు. బహుమతి పెట్టడం సులభం. నేను ఒక రిజిస్టరు అడిగాను. రాబోయే జూన్‌లో బడి తెరిచాక ఎంచుకున్న కొన్ని వ్యవసాయ బావుల్లో నీటిమట్టం నెలకోసారి, ఒకే తారీఖున, తాడుతో కొలిచి, తేదీ, కొలిచినవారి పేరు, కొలతతో సహా రాయాలి. ఆ బ్యాచి వెళ్ళిపోతుంది, తరవాతి బ్యాచి కొనసాగిస్తుంది. చెరువు నిండితే దాని కింద బావి ఎన్ని నెలల తరవాత పెరుగుతుంది, ఏ వైపు పెరుగుతుంది, ఎంత దూరం దాకా పెరుగుతుంది అన్నది ఒక ఏడాదిలో, ఒక విద్యార్థి తేల్చగలిగేది కాదు. పది బ్యాచులు కలిస్తే తేల్చగలవు. చివరి పేజీల్లో, అడిగి కూడా తేల్చలేకపోయిన ప్రశ్నలకు చోటు వదలమని కోరాను. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు, బావుల యజమానులతో ఈ నెలాఖరున మాట్లాడతామన్నారు.